క్లబ్బులో చీనీ దొర

మా నాన్న సూర్యాపేట సర్కారు దవాఖానలో కాంపౌండరు. ఆఫీసర్ల క్లబ్బు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉండేది. పెంకుల కప్పు, ముందు టెన్నిస్ ఆడే జాగా, లోపల ఒక పెద్ద హాలు. పన్నెండేళ్ల నౌకరీలో నాన్న అక్కడికి వెళ్లింది రెండేసార్లు. రెండుసార్లూ ఎవరో అధికారికి కడుపునొప్పి వస్తే మందు సీసా పట్టుకుని వెనక వరండా దాకా వెళ్లి వచ్చాడు. అలాంటి మనిషి ఒక క్రిస్మస్ సాయంత్రం ముందు గుమ్మంలోంచి వెళ్లి, ఆ హాలు మధ్యలో కూర్చుని హార్మోనియం వాయించాడు. పక్కన నిలబడి పాడింది నేను. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. నిజాం రాజ్యం పోయింది గానీ జనంలో భయం పోలేదు. పల్లెల వైపు పోలీసు లారీలు పోతూనే ఉండేవి. పొద్దు గూకకముందే వీధి తలుపులు పడేవి. క్లబ్బుకు తాళం వేసి ఏడాది దాటింది. ఆ తాళం తీయించింది మా దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరుగారు. ఆయనది కోదాడ. నలుగురు ఒకచోట చేరి నవ్వకపోతే ఊరికి జబ్బు తగ్గదని ఆయన నమ్మకం.

"ఏవండీ కాంపౌండరుగారూ, మీ పండక్కి మన క్లబ్బులో టీపార్టీ పెడదాం. పాట మాత్రం మీరే పాడాలండీ" అన్నారట ఒకనాడు.

"క్లబ్బులనా సార్? నేనా?" అని నాన్న చేతిలో ఉన్న కషాయం సీసా బల్ల మీద పెట్టేశాడట.

నాన్నకు పాటలు కట్టే అలవాటు ఉంది. ఆ ఏడు పండక్కి కొత్తగా ఒకటి కట్టాడు. "చలిలోన పుట్టినాడు చిన్ని దొర, చద్దరైన లేదమ్మ గడ్డిపక్కలోన" అని మొదలవుతుంది. గుడిలో, అంటే మా చర్చిలో, పాడుకోవడానికి కట్టిన ఆ పాటనే క్లబ్బులోనూ పాడదామనుకున్నాం.

డోలక్ వాయించడానికి మనిషి తనంతట తానే దొరికాడు. మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న షావుకారు ఒకాయన వారానికోసారి సూర్యాపేట వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మోకాళ్ల నొప్పికి తైలం కోసం నాన్న దగ్గరకు వచ్చేవాడు. పెద్ద బొజ్జ, నెత్తిన తెల్ల రుమాలు. వాళ్ల ఊళ్లో భజన ఆయన డోలక్ లేనిదే మొదలయ్యేది కాదట.

"పాట పెడ్తున్నరట, నాకు చెప్పనే చెప్పలే? డోలక్ లేకుంటె గది పాటెట్లయితది?" అని నాన్న మీద కోపం చేశాడు.

నాతో గొంతు కలిపే మనిషిని మాత్రం నాన్నే వెతుక్కుంటూ వెళ్లాడు. తహసీలు కచేరీలో కాగితాలు చూసే పేష్కారుగా పనిచేసిన ముస్లిం పెద్దాయన. ఒకప్పుడు ఆయన గొంతు విప్పితే బజారులో నడిచేవాళ్లు ఆగేవారు. రాజ్యం మారాక నౌకరీ పోయింది. తెలిసినవాళ్లు కొందరు ఊరు విడిచిపోయారు. ఆయన ఎవరికీ ఏ హానీ చేసిన మనిషి కాదు. అయినా గడప దాటడం మానేశాడు. నాన్నతో నేనూ వెళ్లాను.

"నేనెందుకు భాయ్? నన్ను సూస్తే జనం ఏమనుకుంటరో" అన్నాడు తల వంచుకుని.

పరదా వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "పోండి జీ. యాడాది సంది గోడలు సూస్తున్నరు. జర మనుషులను గూడ సూడుండ్రి."

ఆయన వచ్చాడు. మూడు రోజులు మా ఇంట్లోనే పాట నేర్చుకున్నాం. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. నేను ఒక్కో చరణం చెబుతుంటే ఉర్దూలో రాసుకున్నాడు. ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. "చిన్ని" అనే మాట ఆయన నోట "చీనీ" అయిపోయేది. చీనీ అంటే చక్కెర.

"చీనీ కాదు పేష్కార్ సాబ్, చిన్ని" అని నేను పదిసార్లు చెప్పి ఉంటాను.

"అచ్ఛా బేటీ, చిన్ని, చిన్ని" అని తలూపేవాడు. మళ్లీ పాట ఎత్తుకుంటే మళ్లీ చీనీయే.

హార్మోనియం గుడిది. పాస్టరుగారు ఇవ్వడమైతే ఇచ్చారు గానీ, "పాత పెట్టె, పయిలం. అది గూడ నా లెక్కనే, మొండిది" అని చెప్పి మరీ ఇచ్చారు. ఆయన నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

పార్టీ రోజు సాయంత్రం నాలుగింటికల్లా హాలు నిండింది. రంగు కాగితాల తోరణాలు కట్టారు. డాక్టరుగారు బెజవాడ నుంచి బస్సులో తెప్పించిన కేకు బల్ల మీద ఉంది. అది దారిలో ఒక పక్కకు ఒరిగిపోయింది. ముందు వరుసలో నల్లగొండ నుంచి వచ్చిన పెద్ద అధికారి, ఆయన పక్కన పాస్టరుగారు. ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కప్పులూ సాసర్ల చప్పుడే వినిపిస్తోంది.

మొదటి చరణం చక్కగా సాగింది. రెండో చరణంలో హార్మోనియం మెట్టు ఒకటి కిందికి పోయి మళ్లీ పైకి లేవలేదు. నాన్న ఏ మెట్టు నొక్కినా ఆ ఒక్క స్వరం మాత్రం "కుయ్య్" అంటూ మోగుతూనే ఉంది. ఆయన గోటితో దాన్ని పైకి లాగబోయాడు. రాలేదు. ఆ కంగారులో రెండో చేత్తో తిత్తిని మరింత గట్టిగా ఆడించాడు. కూత ఇంకా పెరిగింది. దాన్ని కప్పిపుచ్చాలని షావుకారు డోలక్ మీద బలంగా బాదడం మొదలుపెట్టాడు. ఆ ఊపుకు నెత్తిన రుమాలు జారి ఆయన కళ్ల మీదికి వచ్చింది. చేతులు ఖాళీ లేవు. అలాగే వాయిస్తున్నాడు. నాకు పాట మొత్తం మరుపొచ్చింది. నోరు తెరుచుకుని నిలబడ్డాను.

అప్పుడు పేష్కార్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆగని ఆ ఒక్క స్వరాన్నే శ్రుతిగా పట్టుకుని రాగం తీశాడు. ఏడాదిగా నలుగురి ముందు విప్పని గొంతు అది. మొదట గరగరమంది, తర్వాత లేచింది. ఒక చెయ్యి చెవి దగ్గర పెట్టి, రెండో చెయ్యి జనం వైపు చాచి, "చీనీ దొర... అరె చీనీ దొర... పుట్టినాడు చీనీ దొర!" అని ఖవ్వాలీ ఎత్తుకున్నాడు.

ఆ రోజుల్లో చక్కెర కంట్రోలులో ఉండేది, ఎంత తిరిగినా దొరికేది కాదు. నల్లగొండ అధికారి ముందుకు వంగి, "చీనీ దొరొచ్చిండా? జర మా దిక్కు గూడ రమ్మనుండ్రి!" అన్నాడు.

అంతే. నవ్వు ఒక మూల మొదలై హాలంతా పాకింది. పేష్కార్ సాబ్ కళ్లు తెరిచి చూశాడు. నవ్వేవాళ్ల ముఖాల్లో వెక్కిరింత లేదు. అది తెలుసుకున్నాక ఆయనా నవ్వి, ఈసారి కావాలనే ఇంకా గట్టిగా "చీనీ దొర!" అన్నాడు. జనం చప్పట్లతో తాళం వేశారు. షావుకారు కళ్లకు ఏమీ కనబడకపోయినా తాళం తప్పలేదు. నేనూ ఆ చప్పట్ల ఊపులో కలిసి పాడేశాను, చీనీ అనే.

పాట అయ్యాక నాన్న ముందుగా చూసింది పాస్టరుగారి వైపు. ఆయన ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు. కోపం వచ్చిందనుకున్నాం. కానీ భుజాలు ఊగుతున్నాయి. దగ్గరికి వచ్చి కళ్లు తుడుచుకుంటూ, "పెట్టెను నేను బాగు చేయించుకుంట. పాటను మాత్రం గిట్లనే ఉండనియ్యి" అన్నారు నాన్నతో.

డాక్టరుగారు కేకు ముక్క తెచ్చి పేష్కార్ సాబ్ చేతిలో పెట్టారు. "ఇదుగోండి, ఇందులో చీనీ బాగానే ఉందండీ" అన్నారు. ఆయన దాన్ని సగం తిని, మిగతా సగం పరదా వెనక ఉండే ఆవిడ కోసం రుమాల్లో కట్టుకున్నాడు. వెలుతురు ఉండగానే అందరం బయల్దేరాం. బజారు మధ్యలోంచి ఆయన, షావుకారు పక్కపక్కన నడిచారు. తాళం ఎవరు తప్పారని దారి పొడుగునా వాదించుకున్నారు. దుకాణాల ముందున్నవాళ్లు ఆయనకు సలాం చేశారు. ఆయన ఆగి ఒక్కొక్కరికీ తిరిగి సలాం చేశాడు.

ఇంటికి వచ్చాక నాన్న చొక్కా అయినా విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. ఏమైందో తెలియక అమ్మ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది. నేను చెప్పబోయి నవ్వాపుకోలేకపోయాను. ఊళ్లో గొడవలు మొదలయ్యాక మా ఇంట్లో అంత పెద్ద నవ్వు అదే మొదటిది.

పది రోజులకు పేష్కార్ సాబ్ కొత్త షేర్వానీ వేసుకుని ఒక్కడే నడిచి దవాఖానకు వచ్చాడు. జ్వరమేమోనని నాన్న మందు కలపడానికి లేచాడు.

"దవా వద్దు భాయ్. ఈస్టరుకు ఏం పాడ్తున్నమో చెప్పు. ఇప్పటి సంది మొదలుపెడ్తెనే నాకు నోరు తిరుగుతది" అన్నాడు.