లేచి వెళ్లిపోయే ప్రెసిడెంటు

సూరయ్య ప్రెసిడెంటుకు ఉన్న జబ్బు ఒక్కటే: చుట్టాల మాట వస్తే చాలు, పంచాయతీ మీటింగులోంచి లేచి బయటికి వెళ్లిపోవడం. భావనపాడు దాటాక ఉన్న ఆ చేపల రేవులో ముప్పాతిక మంది ఆయనకు చుట్టాలే. అందువల్ల కుర్చీలో కంటే అరుగు మీదే ఎక్కువసేపు ఉండేవాడు.

1968లో విజయనగరం నుంచి గుమస్తాగా వచ్చిన నరసింగరావుకు ఇది వింతగా తోచింది. వీధి దీపం మాట ఎత్తగానే సూరయ్య లేచాడు.

"ఏమైందండీ?"

"ఆ సందులో మా మేనమావ ఉన్నాడు బాబూ."

కరిచే కుక్క సంగతి ఎత్తారు. మళ్లీ లేచాడు.

"కుక్క కూడా చుట్టమేనా?"

"కుక్క కాదు. అది కరిసినోడు మా తోడల్లుడు."

ఈ నవ్వులాట తుపాను వచ్చేదాకానే. ఇళ్లు కూలిన వాళ్లకు తాటి కమ్మలు పంచే జాబితాలో సూరయ్య చెల్లెలు జగ్గమ్మ పేరు వచ్చింది. ఆయన బయటికి నడిచాడు. అన్నకే పట్టనిది మనకెందుకని మిగిలినవాళ్లు ఆ పేరు వదిలేశారు. సూరయ్య తన వంటింటి కప్పు విప్పి ఆ కమ్మలు మోసుకెళ్లి ఇచ్చాడు. జగ్గమ్మ కమ్మలు తీసుకుని, అన్నతో మాటలు మానేసింది.

"పెసిడెంటు పెల్లాన్ని. గొడుగేసుకుని గంజి వారుస్తన్నాను," అనేది భార్య దాలమ్మ.

అదే తుపానులో కూర్మమ్మ మొగుడు పడవతో సహా పోయాడు. భోగాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఊళ్లో ఎవరికీ ఏమీ కారు. వాళ్ల గుడిసె ఉన్నది పంచాయతీ జాగాలో. చేపలు ఎండేసుకోవడానికి మెంబరు జగన్నాధం కన్ను ఆ జాగా మీద పడింది. గుడిసె తీసేయించాలని తీర్మానం పెట్టాడు.

అందుకు అదనూ చూసుకున్నాడు. ప్రెసిడెంటుతో కలిపి ఐదుగురు మెంబర్లలో కాస్త జాలిగల ఇద్దరిలో ఒకడు మంచం పట్టాడు, ఇంకొకడు వేటకని పూరీ వైపు పోయాడు. మిగిలింది జగన్నాధం, అతని మాట కాదనని పోతురాజు, సూరయ్య. ఒక్కడి మీద ఇద్దరు. బయట కూర్మమ్మ ముసలి అత్తను ఆనించుకుని ఇసుకలో కూర్చుని ఉంది.

"జాగా కావలసింది నీకే, తీర్మానం పెట్టిందీ నువ్వే. బయటికెల్లవా జగన్నాధం?" అన్నాడు సూరయ్య.

"అది నీ రోగం పెసిడెంటూ. నాకెందుకు అంటగడతావు?"

సూరయ్య కండువా దులుపుకుని లేచాడు.

"అయితే నేనెల్తన్నాను. కూర్మమ్మ మాకు సుట్టం. మా ఆడమనిషి దాంతో నేస్తం కట్టింది."

ఆ వైపు ఇద్దరు ఆడవాళ్లు చీరా పూలూ ఇచ్చిపుచ్చుకుని నేస్తం కడితే తోడబుట్టినంత చుట్టరికం. కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

"ఎప్పుడు కట్టింది? నేనినలేదే," అన్నాడు పోతురాజు.

"నీకు సెప్పి కడతారేటి," అంటూ సూరయ్య గడప దాటాడు.

జగన్నాధం ముఖం విప్పారింది. "రాసేయండి బాబూ. మా ఇద్దరికీ సమ్మతమే."

నరసింగరావు కలానికి మూత పెట్టాడు. "ముగ్గురు లేనిదే కోరం లేదండీ. మిగతా ఇద్దరూ వచ్చేదాకా వాయిదా."

వాళ్లిద్దరూ వస్తే తీర్మానం గతి ఏమిటో జగన్నాధానికి తెలుసు. విసురుగా వెళ్లిపోయాడు.

నరసింగరావు అరుగు మీదికి వచ్చాడు. "నేస్తం ఎప్పుడు కట్టారండీ?"

సూరయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సాయంత్రం కడతారు బాబూ. టెక్కలి ఎల్లి సీర తేవాల. దాలమ్మకి కూడా ఇంకా సెప్పలేదు. అందాకా ఆ మీటింగు కాయితం ముగించకండి."

నరసింగరావు లోపలికి వెళ్లి, వాయిదా సంగతి రాసే ఆ నాలుగు వాక్యాలూ దీపాలు పెట్టే వేళ దాకా రాస్తూ కూర్చున్నాడు.