బోర్డు లేని సంచి

పోయిన శనివారం మా అత్తమ్మ కన్నుమూసింది. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది, మళ్లీ లేవలేదు. మేమింకా చుట్టాలకు ఫోన్లు చేస్తూనే ఉన్నాం, ఈలోగా టేక్మాల్ దగ్గరి ఒక పల్లె నుంచి గొర్రెల మంద ఉన్న ఇంటామె నాకే ఫోన్ చేసి ఏడ్చింది. "సంచులమ్మ పోయిందంటనే బిడ్డా, నిజమేనా?" అని. మెదక్‌లో మా వీధి చివరి దాకా చేరని కబురు అంత దూరం ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సంచులమ్మ అన్న పేరంటే అత్తమ్మకు మహా ఇష్టం. సువార్త చెప్పడానికి పల్లెలకు వెళ్లే వాళ్లకు సంచులు కుట్టి, వాటిని నింపి ఇవ్వడం ఆమె పని. అణకువగా పని చేసుకుపోయేది అని రాస్తే ఆమె లేచి వచ్చి నన్ను తిడుతుంది. అణకువ ఆమెకు తెలియదు. సంచి ఇచ్చేటప్పుడు ఎదుటివాళ్ల చేత పట్టీ గట్టిగా లాగించి చూపించేది. "తెగుతదా? తెగది. ఎవలు కుట్టిండ్రు మరి!" అని తనే మురిసిపోయేది.

ఆ సంచిలో టార్చిలైటు, గొడుగు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దెబ్బ తగిలితే కట్టుకునే గుడ్డ, పిన్నీసులు, పెద్దక్షరాల పాటల కాగితాలు ఉండేవి. ఈ మధ్య చిన్న బ్లూటూత్ స్పీకరూ పవర్ బ్యాంకూ చేరాయి. అవి పెట్టించింది కూడా ఆమే. "ఊరూరు తిరిగి గొంతు పోగొట్టుకొని, నా దగ్గరికొచ్చి మిరియాల కషాయం తాగుడెందుకు?" అనేది. వీటన్నిటికీ కింద, విడిగా ఒక గుడ్డ కవరులో బొమ్మలు ఉండేవి. కాపరి, గొర్రెలు, విత్తనాలు చల్లే రైతు, బావి దగ్గర ఆడమనిషి. మందపాటి గుడ్డ మీద రంగులేసి కత్తిరించిన బొమ్మలు. ఒక్కోదాని వెనక గొంగడి ముక్క కుట్టి ఉంటుంది. ఉన్ని మీద ఉన్ని పెట్టి అరచేత్తో ఒత్తితే అతుక్కుపోతుంది, గాలికి ఊడదు. కథ చెబుతూ ఒక్కో బొమ్మా అతికించుకుంటూ పోవాలి.

అతికించడానికి బోర్డు మాత్రం సంచిలో ఉండదు. కొత్తగా సంచి అందుకున్న వాళ్లందరూ అంతా వెతికి, "అమ్మా, బోర్డు పెట్టుడు మరిచిపోయినవ్" అనేవాళ్లు.

"మరువలే. పోయిన ఇంట్ల గొంగడి అడుగు, లేకుంటే ఉన్ని దుప్పటి అడుగు. అన్నీ మోసుకపోయెటోడు దుకానం పెట్టుకోవాలె. నువ్వు పోయేది మనిషి దగ్గరికి. ఏదన్న ఒకటి అడిగితెనే నీతోని మాట్లాడుతరు."

ఇంత తెలివి ఎక్కడిదంటే, మా మామయ్య మతిమరుపులోంచి వచ్చింది. పెళ్లైన కొత్తలో ఇద్దరూ కలిసి టేక్మాల్ బస్సెక్కారట. దిగాల్సిన ఊరు రాగానే మామయ్య కాగితపు బొమ్మలు చంకలో పెట్టుకుని దిగాడు. బోర్డు బస్సులోనే పైన ఉండిపోయింది. అత్తమ్మ నడిరోడ్డు మీద ఆయనను పట్టుకుని కడిగేసింది. ఆ కేకలకు ఎదురింటామె బయటికి వచ్చి, సంగతి విని నవ్వి, మంచం నిలబెట్టి దాని మీద ఇంట్లోని గొంగడి తెచ్చి వేసింది. "పాపం, గాయన్ను ఇడిసిపెట్టమ్మా. గిది నడుస్తదేమో చూడు" అంది. కాగితపు బొమ్మలు గొంగడి మీద నిలవలేదు. కాపరి బొమ్మ జారిపోతుంటే, కథ అయ్యేదాకా ఆ ఇంటామే దాన్ని వేలితో ఒత్తి పట్టుకుని నిలబడిందట.

అత్తమ్మ ఇంటికొచ్చి, గొంగళ్లు నేసే వాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుని కుట్టడం మొదలుపెట్టింది. బోర్డు ఊసు మళ్లీ ఎత్తలేదు, మామయ్యను దెప్పడానికి తప్ప. ఆయన మరుపు వల్లే తనకు దారి దొరికిందని ఆమె ఒప్పుకున్నది ఆయన పోయాకే.

నిరుడు ఈ సంచికి గండం వచ్చింది. సువార్త సేవకులకు శిక్షణ ఇచ్చే కేంద్రం వాళ్లు చాలా ఏళ్లుగా అత్తమ్మ దగ్గరే సంచులు తీసుకునేవారు. అక్కడికి కొత్తగా వచ్చిన సారు మా ఇంటికి వచ్చి మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, మా దగ్గర నేర్చుకునే పిల్లలకు గొంగడి అడగాలంటే సిగ్గు. ఎవ్వరూ ఇయ్యకపోతే ఎట్ల? మడిచే బోర్డులు తెప్పించినం. సంచిల అది కూడ పెడుదాం."

"బోర్డు పెడితే అది నా సంచి కాదు సారూ."

ఆయన మాటలోనూ న్యాయముంది. గడప ముందు నిలబడి ముక్కూ మొహం తెలియని వాళ్లను దుప్పటి అడగడం నాకైనా కష్టమే. కానీ ఆ తర్వాత కేంద్రం వాళ్లు కొత్త సంచులు అడగడం మానేశారు. ఇచ్చినవి కూడా వాళ్ల గదిలో ఒక మూలన ఉండిపోయాయి. అత్తమ్మ కుట్టు మిషన్ ముందు కూర్చుని, తొక్కకుండా, ఊరికే చక్రం తిప్పుతూ ఉండేది.

ఎన్నాళ్లని కూర్చుంటుంది? ఒకరోజు సారుకు ఫోన్ చేయించింది. "ఒక్కపారి నా ఎంబడి ఊరికి రాండ్రి. చూసినంక మీ ఇష్టం."

ముగ్గురం ఆటోలో వెళ్లాం. మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ దిగడానికే అవస్థ పడింది. తెలిసిన ఇంటికి పోకుండా, కావాలనే తెలియని ఇంటి ముందు ఆగింది. "చెల్లె, గొంగడుంటే జర ఇస్తవా? బొమ్మలు చూపిస్త" అంది.

ఆ ఇంటామె మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మా మామ గొంగడి. ఖరాబు చేస్తరేమో!"

"ఖరాబు చేస్తే నన్ను ఈడనే ఉంచుకో. మీ గొర్లు కాస్త."

ఆమె నవ్వి గొంగడి తెచ్చింది. తెచ్చి, దాని మీద నుంచి చూపు తిప్పకుండా ఎదురుగా కూర్చుంది. తన గొంగడి ఎవరి చేతుల్లో ఉందో చూద్దామని ముసలి మామ వచ్చాడు. ముసలాయన ఎందుకు కూర్చున్నాడో చూద్దామని పక్కిళ్ల వాళ్లు వచ్చారు. అత్తమ్మ తప్పిపోయిన గొర్రె కథ మొదలుపెట్టింది. కాపరి దాన్ని వెతుకుతూ వెళ్లాడనగానే ముసలాయన అడ్డుపడ్డాడు.

"ఆగు. కడమ గొర్లను ఎవలికి అప్పజెప్పి పోయిండు?"

"గదే నిన్ను అడుగుదామనుకున్న అన్నా. నువ్వైతే ఏం జేస్తవ్?"

ఇక ఆయన లేచాడు. కుక్కను ఎక్కడ కాపలా పెట్టాలో, తప్పిపోయిన గొర్రె ఎటు పోతుందో, అది ఏ గొంతుకు పలుకుతుందో చెబుతూ, గొర్రె బొమ్మను తనే పీకి గొంగడి ఆ చివరకు అతికించాడు. "దొరికిననాడు అన్నం సయిస్తదా మనిషికి? ఊరంతటికి చెప్పుకోవాలె" అన్నాడు. కథ ముగింపు ఆయన నోటి నుంచే వచ్చింది. అత్తమ్మ నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేసింది. అంత గర్వం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు సారు మమ్మల్ని మా ఇంటి ముందు దించి, "ఆలోచిస్తనమ్మా" అన్నాడు. ఆ ఆలోచన ఎంతకీ తెమలలేదు. అత్తమ్మ రోజూ అడిగేది, "సారు ఫోన్ చేసిండా?" అని. శనివారం అన్నం ముందు కూడా అడిగింది. జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

సోమవారం సాయంత్రం మా ఇంట్లో అత్తమ్మను తలచుకుని ప్రార్థించే ఆదరణ కూడిక పెట్టుకున్నాం. సారు వచ్చాడు. ఆయన భుజానికి అత్తమ్మ కుట్టిన సంచి ఉంది. మాట్లాడమంటే లేచి నిలబడి, బొమ్మల కవరు బయటికి తీసి, చుట్టూ చూశాడు. చూసి, నన్ను అడిగాడు, "అమ్మా, ఒక గొంగడుంటే ఇస్తరా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మా ఇంట్లో గొంగడి లేదు. బతుకంతా గొంగడి అడిగిన మనిషి తనకంటూ ఒక్కటి కొనుక్కోలేదు.

పక్కింటి చాచీ దగ్గరికి పరుగెత్తాను. అత్తమ్మకు ఏళ్లనాటి స్నేహితురాలు ఆమె. "చాచీ, ఉన్ని దుప్పటి ఉంటే జర ఇస్తవా?" అన్నాను. "ఉంది బేటీ, ఎందుకు లేదు! కొత్తది, జర పైలం" అంటూ బీరువాలోంచి తీసింది. నా చేతికివ్వలేదు, తనే పట్టుకుని వచ్చింది. మా కిటికీ చువ్వలకు దాన్ని తనే కట్టి, ఎదురుగా కింద కూర్చుంది, కూడిక అయ్యేదాకా కదలలేదు.

సారు ఆ దుప్పటి మీద కాపరినీ గొర్రెలనూ అతికిస్తూ, ఆ రోజు పల్లెలో చూసిందంతా చెప్పాడు. చివర్లో, "గదిలున్న సంచులన్ని బయటికి తీసినం. కొత్తగ పోయెటోళ్లకు అవే ఇస్తున్నం. బోర్డు పెడుతలేం" అన్నాడు. ఇకమీదట కుట్టేదెవరని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. సంచికి కత్తిరించాల్సిన గుడ్డ పొద్దున్నే మిషన్ మీద పరిచి ఉంచాను.

మర్నాడు డాబా మీదికి వెళ్తే, చాచీ వాళ్ల తీగ మీద ఆ దుప్పటి ఎండకు వేసి ఉంది. గాలికి అటూ ఇటూ ఊగుతోంది. దాని మూలన అత్తమ్మ కుట్టిన గొర్రెపిల్ల ఒకటి, ఊడకుండా, అలాగే అతుక్కుని ఉంది.