కాటా పెదనాన్న, మెప్పుల కుర్చీ

కాటా పెదనాన్నకు లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు: తూచినవి, ఇంకా తూచనివి. రెండో రకం కంటబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరైనా కానుకగా గోడగడియారం తెచ్చిస్తే "చాలా బాగుంది" అనడు. "రెండు కిలోల నూటయాభై" అంటాడు. కొత్తగా పుట్టిన పిల్లను చూడబోయి, ముక్కు ఎవరిది, కళ్లు ఎవరివి అని చుట్టాలంతా తగువులాడుకుంటుంటే, ఆయన పిల్లను అరచేతుల్లో రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, "మూడు కిలోల రెండొందలు, బట్టలతో కలిపి" అని తేల్చేస్తాడు. ఆస్పత్రి చీటీలో ఇంకోటి రాసుంటే తప్పు ఆస్పత్రిదే.

ఈ జబ్బు వంశంలో లేదు, ఉద్యోగంలోంచి అంటుకుంది. ఊరి చెత్తంతా వెళ్లిపడే డంపింగ్ యార్డు గేటు దగ్గర, వేబ్రిడ్జి గదిలో, ఆయన ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేశాడు. లారీ నిండుగా లోపలికి వెళ్తుంటే ఒకసారి, ఖాళీగా బయటికి వస్తుంటే ఒకసారి తూచాలి. అంతే పని. దానికోసం మనుషులు పోట్లాడుకుంటారా అంటే, పోట్లాడుకున్నారు. డ్రైవరు కిందికి దిగితేగాని ఆయన ముల్లు వంక చూసేవాడు కాదు. "వాన పడుతోంది సార్, ఎలా దిగమంటారు?" అని ఒక డ్రైవరు మొత్తుకుంటే, "వాన పడుతోందా? అయితే లారీ మీది నీళ్లు కూడా తుడిచెయ్యి, అవి చెత్తలో లెక్కకు రావు" అన్నాడట. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి కారు ఒకసారి పొరపాటున వేబ్రిడ్జి ఎక్కితే, పద్ధతి ప్రకారం చీటీ రాసి చేతిలో పెట్టాడు: అధికారి ఉండగా కారు ఇంత, అధికారి దిగాక ఇంత. ఆ తేడా చూసుకున్న అధికారి మర్నాటి నుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. పెదనాన్నకు చివరిదాకా ప్రమోషన్ రాలేదని కూడా చెప్పుకుంటారు.

రిటైరైన రోజున, పాత ఇనుము కింద పారేయబోతున్న ప్లాట్‌ఫారం కాటా ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. నిలువెత్తు స్తంభం, పైన జరిపే గుండు, కింద మనిషి నిలబడేంత పలక. హాల్లో సోఫా ఉండాల్సిన చోట అది ఉంటుంది. గడప దాటిన ప్రతివాడికీ ఒకటే మర్యాద: "ముందు దీన్నెక్కు, తర్వాత కుర్చీ ఎక్కుదువుగాని." వెళ్లేటప్పుడు మళ్లీ ఎక్కాలి. "వచ్చేటప్పుడు అరవై రెండు, పోయేటప్పుడు అరవై మూడు. అయితే వంట కుదిరినట్టే" అని వండినవాళ్లను ఆ విధంగా మెచ్చుకునేవాడు.

ఇక సెలవుల సంగతి. ఏడాది చివర సెలవులు ముగిసిన మర్నాడు యార్డుకు వచ్చే లారీలు మామూలు కంటే ఎక్కువ తూగేవి. ఆ రోజు ఇంటికి వచ్చి, అందరూ భోజనానికి కూర్చున్నాక, "ఈసారి ఊరంతా కలిసి ఎంత ఆనందించిందో తెలుసా? నలభై ఒక్క టన్నులు" అని చెప్పి తల దించుకుని తినేవాడు. ముప్పై నాలుగేళ్లు ఊరిని ఏమీ అనలేకపోయాడు. రిటైరయ్యాక కుటుంబం దొరికింది.

ఆయన పెట్టిన నియమం చిన్నది. సెలవుల వారం రోజులూ ప్రతి ఇల్లూ తన చెత్తను ఒకే సంచిలో దాచాలి. తొక్కలూ మెతుకులూ మట్టిలో కలుస్తాయి గనక మినహాయింపు. ఆఖరి రోజు ఆ సంచి పట్టుకుని ఆయనింటికి రావాలి. అందరిలోకీ బరువు ఎక్కువైన ఇంటివాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. అందరిలోకీ తక్కువైన ఇంటి నుంచి సంచి తెచ్చిన మనిషి కుర్చీలో కూర్చోవాలి, మిగిలినవాళ్లు ఒక్కొక్కరే ఎదురుగా నిలబడి ఆ మనిషికి కృతజ్ఞతలు చెప్పాలి. ఉత్తుత్తి థాంక్సులు చెల్లవు. "ఎప్పుడు? ఏం చేశారు? అది చెప్పు" అని పెదనాన్న నిలదీస్తాడు. దానికి మెప్పుల కుర్చీ అని పేరు. చెక్కకుర్చీ, ఒక కాలు కొంచెం పొట్టి. బరువు నాలుగు కిలోల ఆరొందలు.

ఆయన తమ్ముడి పెద్దకోడలు బళ్లో లెక్కల టీచరు. ఆమె ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే ఈ ఆట మొదలైంది. పదిసార్లు జరిగింది, పదిసార్లూ ఆమె కుర్చీకి ఎదురుగా నిలబడి ఎవరికో ఒకరికి కృతజ్ఞతలు చెప్పింది. తను ఒక్కసారీ కూర్చోలేదు. మరిది ఇల్లు మారిన మూడుసార్లూ పెట్టెలు కట్టింది ఆమె. ఆడపడుచు కుట్టు దుకాణానికి లైసెన్సు కాగితాలు నింపింది ఆమె. ఎవరికి ఏం కావాల్సి వచ్చినా "వదిన ఉంది కదా" అంటారు. గోడకు స్విచ్చి ఉంది కదా అన్నట్టే అంటారు. స్విచ్చికి ఎవరు కృతజ్ఞతలు చెబుతారు? ఆమె మాత్రం చెప్పించుకోవాలనుకుంది. ఒక్కసారి ఆ పొట్టికాలి కుర్చీలో కూర్చుని, ఒకళ్ల తర్వాత ఒకళ్లు చెబుతుంటే చెవులారా వినాలి. అడిగి చెప్పించుకుంటే సిగ్గుచేటు గనక, గెలిచి చెప్పించుకోవాలి.

పదకొండో ఏడు ఆమె యుద్ధం ప్రకటించింది. కానుకలు చుట్టడానికి పాత దుప్పట్లు కోసి అంచులు కుట్టింది. మెరుపు కాగితాల బదులు ఎండుకొమ్మలు తెచ్చి గదికి అలంకారం చేసింది. పనిమనిషి రెండుసార్లు ఊడ్చి పారేసింది, మూడోసారి టీచరమ్మే కొమ్మల మీద "ఇది చెత్త కాదు" అని చీటీ పెట్టింది. మిఠాయి దుకాణానికి స్టీలు డబ్బా పట్టుకెళ్లింది.

"అట్టపెట్టె ఉచితం మేడమ్" అన్నాడు దుకాణదారు.

"నాకు ఉచితం కాదు. డెబ్బై గ్రాములు."

"మిఠాయి ఎంత కావాలి మేడమ్?"

"అది ఎంతైనా ఫర్వాలేదు."

భర్తకు చాక్లెట్ల పిచ్చి. నాలుగో రోజు ఆయన చొక్కా జేబులో గలగలమంది.

"ఏవండీ, ఏమిటది?"

"ఏం లేదు, చాక్లెట్ రేపర్లు. ఆఫీసు బుట్టలో పారేద్దామని దాచా."

"సెలవుల్లో ఆఫీసు ఎక్కడుంది?"

"అదే... తెరిచాక."

"అబ్బ, ఎంత నిజాయితీ! తీసి సంచిలో వెయ్యండి. ఇవాళ్టి నుంచి చాక్లెట్లు రేపరు లేకుండా, నా చేతిలోంచి."

"పెళ్లాం చేతి ముద్ద అన్నమాట" అన్నాడాయన. ఆమె నవ్వలేదు. బళ్లోని ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్న త్రాసులో రాత్రీ పగలూ సంచి తూచుకుంటూనే ఉంది. ఆఖరి రోజు పొద్దున రెండు వందల ఎనభై గ్రాములు. ఈ కుటుంబ చరిత్రలో అంత తక్కువ చెత్త ఎవరూ చెయ్యలేదు.

మధ్యాహ్నానికి అందరూ పెదనాన్న హాల్లో చేరారు. మనుషుల తూకం అయ్యింది, సంచుల తూకం మొదలైంది. ఆడపడుచు సంచి కిలోన్నర.

"దారపు రీళ్లు నాన్నా! అవి వ్యాపారం, సెలవులు కాదు" అని మొరపెట్టుకుంది. ఆమెకు ఆయన పెదనాన్న కాదు, సొంత తండ్రే.

"దారం కూడా చెత్తలారీలోనే పోతుంది" అన్నాడు.

తర్వాత టీచరమ్మ సంచి. ఆయన గుండు జరిపి, కళ్లజోడు సవరించుకుని, "మూడొందలు" అన్నాడు. పాత కాటాకు యాభై గ్రాముల కంటే సన్నగా చెప్పడం రాదు. హాల్లో చప్పట్లు. టీచరమ్మ అప్పటికే ఒక కన్ను కుర్చీ మీద వేసింది.

అప్పుడు మరిది నల్లటి సంచి ఒకటి ఈడ్చుకుంటూ వచ్చాడు. దాన్ని మోయడం లేదు, ఈడుస్తున్నాడు. సంచి మూతి దగ్గర మెరుపు కాగితాలు బయటికి వేలాడుతున్నాయి. పలక మీదికి ఎత్తగానే లోపల సీసా ఒకటి ఖంగుమంది.

పెదనాన్న చాలాసేపు ముల్లు వంక చూశాడు.

"రెండొందల యాభై."

"ఎంతా?" అంది టీచరమ్మ.

"రెండొందల యాభై. లోపలంతా థర్మోకోలు. చూపుకే లావు."

"సీసా మోగింది పెదమామయ్యా!"

"ఖాళీ సీసా."

"ఖాళీ సీసాకు బరువుండదా?"

"మంచి కంపెనీది అయ్యుంటుంది" అన్నాడు పెదనాన్న.

ఇలాంటి జవాబు పిల్లలు రాస్తే లెక్కల టీచరు గోడకుర్చీ వేయిస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉందేమో చూద్దామని ఆమె అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, వంగి పలక కిందికి చూసింది. నేల చక్కగానే ఉంది. పెదనాన్న కుడికాలి బొటనవేలు పలక అంచు కిందికి దూరి, దాన్ని పైకి ఎత్తిపట్టి ఉంది. పిక్క వణుకుతోంది.

వాన నీళ్లు తుడిపించిన మనిషి! అధికారిని తూచిన మనిషి! ఆమె తలెత్తి చూసింది. ఆయన గోడ వంక చూస్తున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువై ఆమె మోకాళ్ల మీదే ఉండిపోయింది. ఆ కాస్త సమయంలో మరిది వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆడపడుచు మొదలుపెట్టింది. "ఒరేయ్, మా మిషను బెల్టు తెగిన రోజున వానలో వచ్చి మార్చి వెళ్లావు. కాఫీ ఇస్తానన్నా ఆగలేదు. ఆ గౌను ఆ రోజే ఇవ్వకపోతే ఆ పెళ్లికూతురు నన్ను చంపేసేది."

టీచరమ్మ వంతు వచ్చింది. "మరిదిగారూ, మీరు ఏటేటా ఇంత చెత్త మోసుకురాబట్టే మేమంతా శుభ్రంగా కనబడుతున్నాం. మీ మేలు మరిచిపోలేం."

అందరూ నవ్వారు. "చెల్లదు. మళ్లీ చెప్పాలి" అన్నాడు పెదనాన్న, ఆమె కళ్లలోకి చూడకుండా.

"ఆలోచించుకుని చెబుతాను. బోలెడున్నాయి, ఏరుకోవాలి కదా."

తర్వాత తోడికోడలు లేచింది. "ఏవండీ, ఈ నాలుగు నెలలుగా రోజూ నాకంటే ముందు లేచి టీ పెడుతున్నారు. ఎందుకని అడగలేదు. అడిగితే మానేస్తారేమోనని."

మరిది నవ్వబోయాడు. సగంలో నవ్వు ఆగిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకుని, "నిద్ర పట్టడం లేదే, అందుకు లేస్తున్నా. ఉద్యోగం పోయింది. నాలుగు నెలలైంది" అన్నాడు.



"మరి రోజూ టై కట్టుకుని ఎక్కడికి పోతున్నావురా?" అంది ఆడపడుచు.

"లైబ్రరీకి."

"చదువుకునే రోజుల్లో ఒక్కసారైనా పోయుంటే బాగుండేది కదరా!"

మొదట నవ్వింది మరిదే. తర్వాత తోడికోడలు కళ్లు తుడుచుకుంటూ, "ఉద్యోగం సంగతి ఇద్దరం చూద్దాం. టీ మాత్రం మానకండి" అంది. అన్నగారు లేచి వెళ్లి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, ఏమనాలో తోచక, తనకు రేషనుగా దొరికిన చాక్లెట్టు అతని చేతిలో పెట్టాడు.

టీచరమ్మ తలలో లెక్కలు గిర్రున తిరిగాయి. వాన నీళ్లు దిగి ఆడపడుచు దుకాణంలో బట్టలన్నీ పాడైన ఏడాది గెలిచింది ఆడపడుచు. మూత్రపిండాల్లో రాళ్లు తీయించుకున్న ఏడాది తన భర్త గెలిచాడు, వారమంతా సీసా నీళ్లే తాగి కూడా. తల్లి కాలు విరిగి ఎనిమిది నెలలు అటూ ఇటూ తిరిగిన ఏడాది తోడికోడలు. ప్రతి ఏడూ ఎవరికి ఆ కుర్చీ అవసరమో వాళ్లకే దొరికింది. ఇప్పుడు ఆమె ఒక్క మాట అంటే చాలు, మరిది లేవాలి, తను కూర్చోవచ్చు.

"నా మెప్పు చెల్లలేదు కదా, మళ్లీ చెబుతాను" అంటూ లేచింది. "నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక వంటింట్లో గోడకానుకుని నిలబడి ఉంటే, మీరొచ్చి 'వదినా, ఇక్కడ అందరికీ తలా కాస్త పిచ్చి ఉంది, నీకేది నచ్చితే అది తీసుకో' అన్నారు. ఆ మాటతో కుదుటపడ్డాను."

"చెల్లింది" అన్నాడు పెదనాన్న.

భోజనాలయ్యాక గిన్నెలు తోమాల్సింది ఆడపడుచు. తోముతున్నది మాత్రం టీచరమ్మే. దారం వ్యాపారం గురించి ఫోను వచ్చిందట. పెదనాన్న కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అంత బరువు బొటనవేలితో ఎత్తితే కుంటక ఏం చేస్తాడు?

"మొత్తానికి మీ కాటా కూడా అబద్ధం చెబుతుందన్నమాట" అందామె, వెనక్కి తిరగకుండానే.

"కాటా చెప్పలేదమ్మా. కాలు చెప్పింది."

"ఎన్నేళ్లుగా?"

"మొదటి ఏడాది ఒక్కటీ నిఖార్సు."

"మరిది సంగతి మీకెలా తెలుసు?"

"తెలియదు. నిరుడు డెబ్బై ఎనిమిది, ఇవాళ డెబ్బై ఒకటి. ఏడు కిలోలు ఊరికే ఎక్కడికి పోతాయి?"

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టింది. "మరి నేనెప్పుడూ కనబడలేదా పెదమామయ్యా?"

ఆయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వొచ్చిన ఏడాది యాభై ఎనిమిది. నిరుడూ యాభై ఎనిమిది. ఇవాళా అంతే. ముల్లు కదలకపోతే అంతా బాగున్నట్టే అనుకున్నాను. యార్డులో ఒక కాటా కూడా ఇలాగే ముల్లు కదిలేది కాదు. భేషైన కాటా అనుకున్నాం. తీరా విప్పి చూస్తే లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయింది."

"అంటే నేను తుప్పుపట్టిన కాటానా?"

"ఇంతకంటే మంచి పోలిక నాకు చేతకాదమ్మా" అని, ఆయన స్టూలు ఒకటి జరిపి, దాని మీద చేత్తో తుడిచాడు. "చేతులు కడుక్కుని కూర్చో."

ఆమె కూర్చుంది. ఆయన ఎదురుగా, నియమం ప్రకారం, నిలబడ్డాడు.

"మొదటి ఏడాది, వేసవి. నాకు జ్వరం, నల్లా రావడం లేదు. మూడంతస్తులు మెట్లెక్కి మంచినీళ్ల క్యాను తెచ్చావు. ఇరవై కిలోలు. క్యాను బరువు విడిగా." ఒక వేలు మడిచాడు. "రెండో ఏడాది కంటి ఆపరేషన్. నలభై రోజులు, రోజుకు ఆరుసార్లు చుక్క వేశావు. చుక్క ఇరవయ్యో వంతు గ్రాము. మొత్తం..."

"పన్నెండు గ్రాములు" అంది లెక్కల టీచరు. "అంతేనా!"

"అంతేనా అంటావేమిటి? ఇప్పుడు నీ మొహం కనబడుతోందంటే ఆ పన్నెండు గ్రాములే."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, తుడుచుకుంటూనే ఉండిపోయింది.

హాల్లోంచి భర్త కేక వినిపించింది. "ఏమోయ్, కారు తాళాలు ఎక్కడ పెట్టావ్? బయల్దేరదాం!"

పదకొండేళ్లలో అలాంటి కేకకు ఆమె లేవకుండా ఉన్నది లేదు.

"వెతుక్కోండి!" అని అరిచింది, స్టూలు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "ఇక్కడ ఇంకా తొమ్మిదేళ్లున్నాయి!"

అవతల సొరుగులు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్న చప్పుడు. పెదనాన్న నొప్పి కాలి మీద బరువు తగ్గించుకుని గోడకానుకున్నాడు, మూడో ఏడాది మొదలుపెట్టాడు.