సవరణల సారూ, రాతి దుమ్మూ

ఆయన అసలు పేరు పత్రిక లోపలి పేజీలో అందరికన్నా పైన అచ్చయ్యేది. ఆఫీసులో మాత్రం అందరూ ఆయన్ని సవరణల సారు అనే పిలుచుకునేవారు. ఆయన ఎదుట కాదు లెండి.

పనివాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధనలు ప్రచురించే పత్రికకు ఆయన ప్రధాన సంపాదకుడు. ఏ పనిలో ఏ జబ్బు వస్తుందో, దాన్ని ఆపడమెలాగో చెప్పే వ్యాసాలు ఎక్కడెక్కడి నుంచో ఆయన బల్ల మీదికి వచ్చేవి. వాటిని తెలిసినవాళ్ళ చేత చదివించి, నిలబడితే అచ్చుకు పంపడం, లేకపోతే తిప్పి పంపడం ఆయన పని. సారు మూడో దారి కనిపెట్టారు. అచ్చూ వేయరు, తిప్పీ పంపరు. "ఇంకాస్త సవరించండి" అంటారు.

పనివాళ్ళంటే ఆయనకు ప్రేమ లేదని కాదు. వాళ్ళ గురించి ఉపన్యసిస్తే గొంతు పూడుకుపోయేది. కాకపోతే ఒక్క కార్ఖానా గడపా తొక్కిన పాపాన పోలేదు. ఓసారి ఇనుము కరిగించే ఫ్యాక్టరీ వాళ్ళు పిలిస్తే గేటు దాకా వెళ్ళి, "లోపల బాగా వేడిగా ఉన్నట్టుందే" అని, అక్కడే ఫొటో దిగి వచ్చేశారు.

ఆయన కింద సహ సంపాదకురాలు ఒకావిడ ఉండేది. అంతకుముందు బట్టల మిల్లులో డాక్టరుగా చేసింది. సమీక్షకుల్ని వెతకడం, లెక్కలు సరిచూడటం, ఆలస్యానికి రచయితల చేత తిట్లు తినడం ఆవిడ వంతు. సంతకం సారు వంతు.

ఒక ఎండాకాలం, రాళ్ళు కోసే షెడ్ల పక్కన ఆసుపత్రి నడిపే డాక్టరు ఒక వ్యాసం పంపాడు. పొడిగా రాయి కోసేవాళ్ళ ఊపిరితిత్తులు దుమ్ము వల్ల గట్టిపడిపోతున్నాయనీ, కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్ళు పడేలా చేస్తే దుమ్ము చాలావరకు లేవదనీ అందులో ఉంది. చదివిన సమీక్షకులిద్దరూ వెంటనే వేయమన్నారు.

"ఇంత సూటిగా రాస్తే ఎలాగమ్మా?" అన్నారు సారు. "'దుమ్ము వల్ల' ఏమిటి? 'దుమ్ముతో సంబంధం ఉండే అవకాశం కనిపిస్తోంది' అనమను."

"ఎక్స్‌రేలు ఉన్నాయి కద సార్."

"ఎక్స్‌రేలు ఎక్కడికి పోతాయి? భాష ముఖ్యం."

డాక్టరు మార్చి పంపాడు. పట్టికలు అడ్డంగా ఉన్నాయి, నిలువుగా వేయమన్నారు. వేశాడు. ముగింపు పొడుగైందన్నారు. కోశాడు. మరీ పొట్టిదైపోయిందన్నారు. అలా ఏడాది దొర్లిపోయింది. ఈలోగా అదే పనివాళ్ళను మళ్ళీ పరీక్షించి, ఆ లెక్కలూ కలిపి డాక్టరు పంపిన ప్రతిలో సారుకు తప్పు దొరికింది. వెలిగిపోతున్న మొహంతో ఆవిడను పిలిచారు.

"చూశావా? మొదటి పరీక్షలో ఉన్నంతమంది రెండో పరీక్షలో లేరు. లెక్కే రానివాడు మనకు శాస్త్రం చెబుతాడు! మిగతావాళ్ళు ఏమయ్యారో అడుగు."

ఆవిడ అక్కడికక్కడే ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"పోయారండీ," అన్నాడు డాక్టరు. "మీరు సవరణలు చెబుతూనే ఉన్నారు, వాళ్ళు పోతూనే ఉన్నారు. అది కూడా నిలువుగానే వేయమంటారా?"

సారు గొంతు సవరించుకున్నారు.

"సరే, ఆ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో పెట్టమను."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కానీ సంతకం తన చేతిలో లేదు.

ఆ వారంలోనే సారుకు మెడ పట్టేసింది. ఏళ్ళ తరబడి కాగితాల మీదికి వంగి కూర్చోవడం వల్లే వచ్చిందన్నాడు వైద్యుడు. "పని వల్లే అని అంత ఖాయంగా ఎలా చెబుతారండీ?" అని వాదించి మరీ, మెడకు పట్టీ వేయించుకుని సెలవు పెట్టారు. సెలవులో సంతకం సహ సంపాదకురాలిది. ఆవిడ డాక్టరుతో మాట్లాడి, వ్యాసాన్ని మళ్ళీ సూటిగా రాయించి, చనిపోయినవాళ్ళ సంగతి మొదటి పేరాలోకి తెప్పించింది. సమీక్షకులకు ఇంకోసారి చూపించి అచ్చుకు పంపేసింది.

"నన్నడక్కుండానా?" అని ఫోనులో అరిచారు సారు.

"మెడ కదపకూడదన్నారట కద సార్. తల ఊపలేరు కదా అని అడగలేదు."

ఆవిడ మీద ఫిర్యాదు సగం రాసేలోగా వార్తాపత్రికలు ఆ వ్యాసాన్ని ఎత్తుకున్నాయి. కార్మిక అధికారులు షెడ్లకు వెళ్ళారు. సగం షెడ్లలో నీటి గొట్టాలు వచ్చాయి. మిగతా యజమానులు ఆలోచిస్తున్నామన్నారు. పత్రికకు అభినందనలు రాసాగాయి. సారు ఫిర్యాదు పక్కనపడేసి ఉపన్యాసం రాసుకున్నారు.

సన్మాన సభలో మైకు ముందు ఆయన గొంతు మళ్ళీ పూడుకుపోయింది. "ఆ వ్యాసం చూడగానే, ఇక ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకూడదనుకున్నాను." చప్పట్లు మోగాయి. ముందు వరసలో డాక్టరు లేచి బయటికి వెళ్ళిపోయాడు. సహ సంపాదకురాలు మాత్రం కదలకుండా ఆయన్నే చూస్తూ కూర్చుంది. సారు ఆ వైపు చూడకుండా ప్రసంగం ముగించారు.

ఇంటికి వెళ్తుండగా కారులో ఆయన భార్య అంది:

"ఇన్నేళ్ళుగా మీ పత్రిక తిరగేస్తున్నాను. మొన్నటిది ఒక్కటే నాకు అర్థమైంది. మీ కంటపడకుండా ఎలా వచ్చిందండీ అది?"

సారు డ్రైవరును కాస్త తొందరగా పోనివ్వమన్నారు.