సబ్జా ఆకు పచ్చడి, మా అమ్మ రోలు

కడుపులో పుండు పడిందని తేలాక నా భార్యను డాక్టరు మిరపకాయ ముట్టొద్దన్నాడు. ఆ మాట ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. తెనాలిలో కారం లేకుండా ఏం తినాలో మాత్రం చెప్పలేదు. నెల తిరిగేసరికి ఆవిడ పెరుగన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేది. గాజులు మోచేతి దాకా జారేవి.

అప్పుడు గుర్తొచ్చింది పెస్టో. పత్రికలో ఉన్నప్పుడు మహిళల పేజీ కోసం దాని గురించి నేనే రాశాను, రుచి ఎరగకుండానే. ఇటలీవాళ్ల ఆకు పచ్చడి అది. మిరపకాయ ఉండదు. దానికి వాడే ఆకు మన సబ్జా మొక్కదే, నిమ్మరసంలో గింజలు నానేసుకుంటామే, అదే. డాబా మీద కుండీల్లో గింజలు చల్లాను, నెలన్నరకు ఆకు కోతకొచ్చింది. ఆలివ్ నూనె, చీజ్ ఊళ్లోనే దొరికాయి. జీడిపప్పు బాపట్ల నుంచి తెచ్చాను. ఒక్క వెల్లుల్లి రెబ్బకు డాక్టరు ఒప్పుకున్నాడు.

మిక్సీలో వేస్తే ఆకు వేడెక్కి నల్లబడింది, చేదెక్కింది. ఆవిడ వేలితో నాకి గిన్నె పక్కకు నెట్టింది. "గేదె కూడా తినదండి దీన్ని" అంది.

ఇలాంటివి రోట్లోనే నూరాలి. మా అమ్మ పచ్చడి రోలు రేపల్లెలో, తమ్ముడింట్లో ఉంది. అమ్మ పోయాక ఆ ఇంటికి నేను వెళ్లింది తక్కువ. వెళ్లినప్పుడల్లా మరదలు మంచినీళ్లిచ్చి లోపలికి పోయేది, అంతే.

"రోలు దేనికండి బావగారూ?" అంది ఈసారి.

చెప్పాను.

"కారం లేని పచ్చడికి రోలేంటండి, చెంచాతో కలుపుకోండి."

తమ్ముడు పేపరు దించకుండానే, "ఇచ్చెయ్యరాదూ" అన్నాడు.

"మీరూరుకోండి. అత్తయ్యకి ఆరేళ్లు దీంట్లో నూరిపెట్టింది నేను. అప్పుడు బావగారికి డ్యూటీ. అత్తయ్య మంచాన పడ్డా డ్యూటీయే. రోలుకి మాత్రం తీరిక దొరికింది."

"అది మా అమ్మ రోలు" అన్నాను.

"అయితే తీసుకెళ్లండి."

రోలు ఎత్తి బియ్యం సంచిలో పెట్టుకుని రైలెక్కాను. భట్టిప్రోలు దాటేదాకా ఆమెకు చెప్పాల్సిన జవాబులు వెతుక్కుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి ఉప్పేసి రెండుసార్లు కడిగాను. ముందు వెల్లుల్లి, ఉప్పు. తరవాత జీడిపప్పు. ఆ పైన ఆకు గుప్పెడు గుప్పెడు వేసి, దంచకుండా, బండను రోటి గోడకు ఒత్తి తిప్పాను. చివర చీజ్, నూనె. ఆకు పచ్చగానే ఉంది. నాలుక మీద వేసుకుని చూశాను, కారం తగల్లేదు. వేడన్నంలో నెయ్యితో కలిపి పెడితే, ఆవిడ నెలల తరవాత మారు వడ్డించుకుంది.

మూడింటికల్లా కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయింది. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, "కారం పెట్టారా?" అన్నాడు. లేదని వాదించాను.

రోలు గుర్తొచ్చాక మరదలికి ఫోన్ చేశాను. "దాంట్లో రోజూ పండుమిరపకాయలు నూరతావని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"మీరు అడిగింది రోలండి. రాయి కారం పీలుస్తుందని నేను చెప్పాలా? అమ్మగారి రోలు అన్నారుగా. ఆవిడ నూరుతుంటే ఎప్పుడైనా పక్కన కూర్చున్నారా?"

ఫోన్ పెట్టేసింది. ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. అది నేను మరిచిపోను. కానీ యాభై ఏళ్లు కారం తిన్న నా నాలుకతో రుచి చూసి, పుండున్న మనిషికి పెట్టింది నేను.

నా భార్య మంచం మీద నుంచే అంతా విన్నది. "మీ ఇద్దరి పంతానికి నా కడుపే దొరికిందా?" అంది. "ఆ రోలు ఈ ఇంట్లో ఉన్నంతకాలం నేను అన్నం ముట్టను."

మర్నాడే రేపల్లె తీసుకెళ్లి వరండాలో దించాను. "పగిలిందేమో చూసుకో" అన్నాను మరదలితో. ఆమె నిజంగానే వంగి, అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుంది. ఆ రోజు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు నా భార్యే చేసుకుంటోంది. ఆకును కత్తిపీట మీద సన్నగా తరిగి, జీడిపప్పును చపాతీ కర్రతో నలిపి, గిన్నెలో నూనెతో కలుపుతుంది. కాస్త పలుకుగా ఉంటుంది. మెత్తటి ఇడ్లీకి రాస్తుంది, ఉడికించిన బంగాళాదుంపలో, సేమ్యాలో కలుపుతుంది. మిగిలింది సీసాలో వేసి, పైన నూనె పోసి ఫ్రిజ్‌లో దాస్తుంది. ఆ గిన్నె, ఆ చెంచా నేను ముట్టకూడదు. గాజులు మళ్లీ మణికట్టు దగ్గర ఆగుతున్నాయి.

నిన్న పక్కన కూర్చుని ఆవకాయ వేసుకోబోయాను.

"మీ కంచం తీసుకుని అటెళ్లి కూర్చోండి" అంది, తల ఎత్తకుండా. వెళ్లి కూర్చున్నాను.