మామ్మ ఇవ్వని గడ్డి

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఊళ్ళో గడ్డికి కరువొచ్చిందంటే మా మనవలు నమ్మరు. కోత మిషను వెళ్ళిపోయాక చేలో గడ్డిని తగలబెట్టడం చూసి పెరిగిన పిల్లలు వాళ్ళు. గోదావరి నీళ్ళు తాగే ఊరికి కరువేంటి అమ్మమ్మా అంటారు. మాది కాలువకి చిట్టచివరి ఊరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు దారిలో అన్ని ఊళ్ళూ తాగాక, మిగిలితే మాకు. ఆ ఏడు వానలూ లేవు, కాలువలో నీళ్ళూ మిగల్లేదు. వానాకాలపు సార్వా పంట పొట్ట మీద ఉండగానే ఎండిపోయింది. మనుషులకి ఎలాగో నాలుగు గింజలు దొరికాయి గానీ పశువులకి గడ్డి లేదు. ఉన్నవాళ్ళు మండపేట వైపు నుంచి బళ్ళ మీద తెప్పించుకున్నారు. లేనివాళ్ళు పశువుల్ని తోలుకెళ్ళి అయినకాడికి అమ్ముకున్నారు.

పక్కింటి మామ్మ మాత్రం అమ్మలేదు. ఆవిడ మాకు చుట్టం కాదు. మా పేటలో, మా చర్చిలో అందరికీ మామ్మే. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా ఒక చూడిగేదె. అది ఈనితే పాలమ్ముకుని బతకాలి. అందుకని ఎగువ ఊళ్ళకి కోతలకి వెళ్ళి, కూలి కింద వడ్లకి బదులు గడ్డి అడిగి, మోపులు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది. ఆ గడ్డిని చిన్న చిన్న కట్టలు కట్టి గొడ్లపాక అటక మీద పేర్చింది. రోజుకొక కట్ట చొప్పున, గేదె ఈనే దాకా సరిగ్గా సరిపోయేలా లెక్క వేసుకుంది.

రోజూ సాయంత్రం మా ఇంటి కుడితి పట్టుకెళ్ళి ఆ గేదెకి పోయడం నా పని. కాబట్టి మామ్మ మేపే పద్ధతంతా నాకు తెలుసు. అరటి బోదె సన్నగా తరిగి అడుగున వేసేది. దాని మీద గడ్డి, గడ్డి మీద ఉప్పునీళ్ళు, అన్నిటికన్నా పైన చారెడు తవుడు. తవుడు వాసనకి మూతి పెట్టిన గేదె అడుగు దాకా తినేసేది. "నోరులేని దాన్ని మోసం చేస్తున్నానే, నాకు పాపం రాదంటావా" అని నన్ను చూసి నవ్వేది. ఈనాక మొదటి గిన్నె జున్ను నాకేనని కూడా చెప్పింది.

డిసెంబరులో చర్చిలో క్రిస్మస్ పాక కట్టడం మొదలైంది. బాలయేసు పుట్టిన పశువులపాక అన్నమాట. ఏటా సండేస్కూలు పిల్లలమే కట్టేవాళ్ళం, ఏటా ఎవరో ఒక రైతు మోపెడు గడ్డి ఊరికే ఇచ్చేవాడు. ఆ ఏడు ఎవరినడిగినా లేదన్నారు. పోనీలే, కొబ్బరాకులు పరిచేద్దాం అన్నారు టీచరుగారు. నేను లేచి, గడ్డి నేను తెస్తానండి అన్నాను. మా ఇంట్లో కోడిపిల్ల కూడా లేదు, ఇంక గడ్డెక్కణ్ణుంచి వస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత గొప్పలెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. క్రిస్మస్ నాటకంలో మరియ వేషం ఎవరికిస్తారో ఇంకా తేలలేదు, అదొకటి మనసులో ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ బోదెల కోసం తోటల వైపు వెళ్ళినప్పుడు గోనె పట్టుకుని ఆవిడ గొడ్లపాకలోకి దూరాను. నిచ్చెనెక్కి ఎనిమిది కట్టలు దింపాను. ఎవరి కోసం, దేవుడి కోసమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గడ్డి చప్పుడు వినగానే గేదె లేచి నిలబడి మెడ చాపింది. పెట్టడానికే వచ్చాననుకుంది పాపం. దాని నోటికి ఒక్క పరకైనా అందివ్వకుండా గోనె ఈడ్చుకుంటూ వచ్చేశాను.

ఆ సాయంత్రమే కట్టలు విప్పి, జిగురు నీళ్ళు చిలకరించి, వెండి మెరుపుల పొడి జల్లి పాకలో పరిచేశారు. తిరిగి ఇచ్చేద్దామన్నా ఇంక దాన్ని ఏ పశువూ ముట్టదు. మరియ వేషం నాకే ఇచ్చారు.

క్రిస్మస్ రోజు పొద్దున్న ఆరాధన అయ్యాక పాస్టరుగారు పాక ముందు నిలబడి, ఈ కరువులో ఇంత మంచి గడ్డి ఎవరు తెచ్చారని అడిగారు. అందరూ నన్ను చూపించారు. నీకెవరిచ్చారమ్మా అన్నారాయన. అంతలో ఆడవాళ్ళ వరసలోంచి మామ్మ లేచింది.

"నేనేనండి అయ్యగారూ. పిల్ల అడిగింది, ఇచ్చానండి" అని కూర్చుండిపోయింది.

పాస్టరుగారు కదిలిపోయారు. గేదె నోటి ముందు గడ్డి తీసి దేవుడికి పెట్టిన తల్లి అంటూ పావుగంట సేపు ఆవిడ గురించే చెప్పారు. మామ్మ కొంగు మొహం మీదకి లాక్కుని తల దించుకునే ఉంది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, గండం గడిచిందన్న సంతోషమే కలిగింది.

ఆ తర్వాత కూడా కుడితి పట్టుకెళ్ళేదాన్ని. మామ్మ ఎప్పటిలాగే మాట్లాడేది. నేనే ఆవిడ మొహం చూసేదాన్ని కాదు, అటక వైపు అసలే చూసేదాన్ని కాదు. ఫిబ్రవరిలో ఒక రోజు అటక ఖాళీ అయిపోయింది. మామ్మ రెండు రోజులు ఊరంతా తిరిగి అడిగింది. ఎవరి దగ్గరా లేదు. గేదె పడిపోతే కడుపులో దూడ కూడా దక్కదని భయపడి ఎగువ ఊరి రైతుకి అయినకాడికి తోలిచ్చేసింది. ఆ రైతు ఇంట్లో ఆరో రోజున అది ఈనిందని, పెయ్యదూడ పుట్టిందని కబురొచ్చింది.

రెండూ ఆరూ ఎనిమిది రోజులు, ఎనిమిది కట్టలు. తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా ఆ లెక్క తెలుస్తుంది. పరుగెత్తుకెళ్ళాను. మామ్మ ఖాళీ పాకని ఊడుస్తోంది. గడ్డి నేనే తీశానని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను.

"తెలుసులేవే. నా కట్టలు నేను లెక్కెట్టుకోనా?" అంది.

మరి ఇచ్చానని ఎందుకన్నావని అడిగాను.

"నలుగుర్లో నిన్ను దొంగని చేస్తే నా అటక మీదకి గడ్డొస్తుందేంటి?" అని చీపురు పక్కన పెట్టి చతికిలబడింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడిగినా నేను పెట్టేదాన్ని కాదే. దేవుడికన్నా సరే, కసిరి పంపేసేదాన్ని. అయ్యగారు అలా పొగుడుతుంటే తలెత్తలేకపోయాను."

తప్పు చేసింది నేను, సిగ్గుతో కుంగిపోయింది ఆవిడ. ఆ తర్వాత మామ్మ మళ్ళీ గేదెని కొనలేకపోయింది. ఒంట్లో ఓపికున్నంత కాలం కూలికే వెళ్ళింది. నేను చూస్తూ పెరిగాను.

పెద్దయ్యాక బళ్ళో పంతులమ్మనయ్యాను. పెన్సిలు పోయిందనో, టిఫిను డబ్బా పోయిందనో పిల్లలు ఫిర్యాదు తెస్తే, ఎవరు తీశారో తెలిసినా, నేనే తీసి ఎక్కడో పెట్టానర్రా అనేదాన్ని. తీసిన పిల్ల మొహం ఒక్క క్షణం వెలిగేది. ఆ వెలుగు నాకు బాగా తెలుసు, అందుకే సాయంత్రం ఆ పిల్లని విడిగా పిలిచి కూర్చోబెట్టుకునేదాన్ని.

మామ్మ పోయిన రోజున సమాధి దగ్గర, అప్పటికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు కూడా ఆ గడ్డి సంగతే చెప్పారు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి చెప్పి ఉంటారు. ఆ గడ్డి ఆవిడ ఇవ్వలేదండి, నేను దొంగిలించాను అని అప్పుడు నేను చెప్పి ఉండొచ్చు. చెబితే నా గుండె తేలికపడేది. కానీ ఆవిడ చర్చిలో అబద్ధమాడిందని కూడా అందరికీ తెలిసిపోయేది. పిడికెడు మట్టి వేసి వచ్చేశాను. ఇక్కడ ఊరి పేరు రాయనిదీ అందుకే. మా పేటలో ఇప్పటికీ ఆవిణ్ణి గడ్డిచ్చిన మామ్మ అంటారు. నేనూ అలాగే అంటాను.