కర్ర కళ్లకు పెట్టిన బొట్టు

చూపు లేనివాళ్లకు యూనివర్సిటీలో సెన్సార్ కర్రలు ఇస్తున్నారని మాకు మొదట చెప్పింది, లాలాపేట్‌లో మా ఇంటికి పాలు పోసే యాదమ్మ. ఎదురుగా ఏదైనా అడ్డముంటే ఆ కర్ర పిడి వణుకుతుంది. చూపు లేని మా ఆయనకు ఒకటి తెచ్చిన మర్నాడు దేవుడి ముందు పెట్టి, దాని మీదున్న రెండు నల్లటి చుక్కలకు తడి కుంకుమ అద్ది దండం పెట్టుకున్నాను.

ఆ ఉదయమే తార్నాక బస్టాపులో మా ఆయన నా చెయ్యి విడిపించుకున్నారు.

"ఇగ పట్టుకోకు. కర్ర వణుకుతలేదు, తొవ్వ ఖాళీనే ఉన్నది."

ఆయన ముందుకు నడిచారు. ఎదురుగా బస్సు వస్తోంది. నేను చెయ్యి చాచాను, అందలేదు. కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయి ఒకతె వెనకనుంచి ఆయన చొక్కా పట్టి లాగింది. బస్సు కర్ర కొసను రాసుకుంటూ పోయింది.

ఆమె కర్రను తిప్పి చూసింది. "గీ బొట్టు ఎవరు పెట్టిన్రమ్మా?"

"నేనే."

"ఒక చుక్క కండ్లకు కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పంపుతది. అది అడ్డానికి తగిలి తిరిగొస్తే రెండోది పట్టుకుంటది. మీరు రెండూ మూసిన్రు."

చున్నీతో తుడిచి కర్రను నా వైపు తిప్పింది. పిడి వణికింది.

"బొట్టు పిడికి పెట్టుండ్రి అమ్మా" అని మల్కాజ్‌గిరి బస్సెక్కింది. పేరైనా అడగలేకపోయాను.

ఇప్పటికీ ఆయన బయటికి వెళ్తే, తిరిగొచ్చేదాకా నాకు ఊపిరాడదు. బొట్టు మాత్రం రోజూ పిడికే పెడుతున్నాను. మీరు దీపం పెట్టుకునే వేళ ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి.